కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం: తొలి కోర్సు, ప్రయోగశాల పని

బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, శైవలాలు, ప్రోటోజోవా, వైరస్‌లు ఎలా బతుకుతాయో, ఎలా పెరుగుతాయో, మనకు ఏ మేలు చేస్తాయో, ఏ కీడు తెస్తాయో కళాశాల స్థాయిలో మొదటిసారి నేర్పేది సూక్ష్మజీవశాస్త్ర ప్రాథమిక కోర్సు. బీఎస్సీలో మైక్రోబయాలజీ తీసుకున్నవారే కాదు, ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థులు, నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, పశువైద్యం, డెయిరీ, ఆహార సాంకేతిక కోర్సుల వారు కూడా ఏదో ఒక రూపంలో దీన్ని చదువుతారు. తరగతి గదిలో పాఠం, ప్రయోగశాలలో పని రెండూ కలిస్తేనే అది కోర్సు అవుతుంది.

వృక్షశాస్త్రం విద్యార్థి ఆకును చేతిలోకి తీసుకుని చూడగలడు. జంతుశాస్త్రం విద్యార్థికి నమూనా సీసాలో కనిపిస్తుంది. సూక్ష్మజీవశాస్త్రంలో ఆ వీలు లేదు. ఇ.కోలి బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. ఐదు వందల కణాలను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. అందువల్ల ఇక్కడ విద్యార్థికి దొరికేవన్నీ ఆనవాళ్లే: ప్లేటు మీద లేచిన కాలనీ, స్లైడు మీద నిలిచిన రంగు, గొట్టంలో చేరిన గాలి బుడగ, తేటగా ఉన్న ద్రవం మసకబారడం. ఆ ఆనవాళ్లను చదవడం, అవి నిజమైనవో చేతి పొరపాటు వల్ల వచ్చినవో తేల్చుకోవడం ఈ కోర్సు నేర్పే అసలు విద్య.

ఎలా మొదలైంది

డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తాను అరగదీసిన కటకాలతో నీటిలోని సూక్ష్మజీవులను చూసి 1676లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. 1683లో తన పళ్ల మీది గారను చూసి మరో ఉత్తరం రాశాడు. ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లపాటు చూడడం తప్ప, వాటిలో ఒక్కదాన్ని వేరుచేసి పెంచడం ఎవరికీ తెలియలేదు.

ఆ ముడిని విప్పింది రాబర్ట్ కాక్ ప్రయోగశాల. ద్రవంలో పెంచితే అన్ని రకాలూ కలిసిపోతాయి. గట్టి ఉపరితలం మీద పెంచితే ఎక్కడ పడ్డ కణం అక్కడే పెరిగి కాలనీగా నిలుస్తుంది. కాక్ మొదట ఉడికించిన బంగాళదుంప ముక్కలు వాడాడు, తర్వాత జెలటిన్ వాడాడు. బంగాళదుంప మీద చాలా రకాలు పెరగలేదు. జెలటిన్ అయితే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కరిగి నీరైపోయేది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేసేవి కూడా. కాక్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సే ఈ బాధ ఇంట్లో చెప్పగా, ఆయన భార్య ఫ్యానీ హెస్సే అగర్ వాడమని 1881లో సలహా ఇచ్చింది. జావాలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆమె దాన్ని జెల్లీలు చేయడానికి వాడడం నేర్చుకుంది. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థాన్నే మన కిరాణా దుకాణాల్లో చైనా గ్రాస్ అంటారు. అగర్ కరగాలంటే దాదాపు మరిగే వేడి కావాలి, గడ్డకట్టేది మాత్రం 40 డిగ్రీలకు దిగువన. అందుకే ఇంక్యుబేటర్ వేడికి అది చెక్కు చెదరదు. 1882లో కాక్ క్షయ కారక బ్యాక్టీరియాను ప్రకటించాడు. 1887లో ఆయన సహాయకుడు జూలియస్ రిచర్డ్ పెట్రి మూత ఉన్న గాజు పళ్లేన్ని ప్రవేశపెట్టాడు. నేటికీ మొదటి సెమిస్టర్ విద్యార్థి చేతికిచ్చేది ఆ అగర్, ఆ పెట్రి ప్లేటే.

ఈ విద్యను కోర్సుగా మలచిన తొలి సంస్థల్లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. 1889లో ఎమిల్ రూ అక్కడ ప్రయోగాలతో కూడిన తరగతులు మొదలుపెట్టాడు. ఉపన్యాసం విని స్వయంగా బల్ల దగ్గర కూర్చుని చేసే పద్ధతి అప్పటి నుంచీ కొనసాగుతోంది.

మొదటి పాఠం: క్రిమిరహితం చేయడం

బల్ల తుడిచి చేతులు కడుక్కుంటే శుభ్రమవుతుంది కానీ క్రిమిరహితం కాదు. ఈ తేడా పట్టుబడడానికే తొలి వారాలు పడతాయి. గాలిలో, చేతి మీద, మాటలాడేటప్పుడు పడే తుంపరలో, అన్నిటా సూక్ష్మజీవులు ఉంటాయి. కావలసినది మాత్రమే పెరగాలంటే ముందు మిగతావన్నీ పోవాలి.

అందుకు ప్రధాన సాధనం ఆటోక్లేవ్. 1879లో పాశ్చర్ సహచరుడు షార్ల్ షాంబర్లాన్ తయారుచేసిన ఈ పరికరం సూత్రం వంటింటి ప్రెషర్ కుక్కర్‌దే. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం వద్ద ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. 100 డిగ్రీల వద్ద మరిగిస్తే చాలదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. బాసిల్లస్, క్లాస్ట్రిడియం జాతుల బ్యాక్టీరియా ఏర్పరచే అంతర్‌సిద్ధబీజాలు మరిగే నీటిని తట్టుకుంటాయి. 121 డిగ్రీల ఆవిరి వాటి కోసమే. గాజు సామాను అయితే హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల పొడివేడిలో రెండు గంటలు ఉంచుతారు.

న్యూట్రియంట్ అగర్ తయారీ విద్యార్థి చేసే మొదటి వంటకం. లీటరు నీటికి పెప్టోన్ 5 గ్రాములు, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, అగర్ 15 గ్రాములు కలిపి, పీహెచ్‌ను 7 కంటే కొంచెం ఎక్కువ ఉండేలా సరిచేసి, ఫ్లాస్కు మూతికి దూది బిరడా పెట్టి ఆటోక్లేవ్ చేస్తారు. చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, మంట పక్కనే, మూత కొద్దిగా మాత్రమే ఎత్తి ప్లేట్లలో పోస్తారు. మరీ వేడిగా పోస్తే మూతకు ఆవిరి పట్టి నీటి చుక్కలు కాలనీల మీద రాలతాయి. ప్లేట్లను తలకిందులుగా ఇంక్యుబేటర్‌లో పెట్టేదీ అందుకే. పేరు, తేదీ మూత మీద కాదు, అడుగున రాయాలి. మూతలు మారిపోతే రికార్డు మొత్తం తప్పుతుంది.

తర్వాత లూప్ పట్టడం. నైక్రోమ్ తీగను ఎర్రగా కాలే వరకు మంటలో నిలబెట్టి, చల్లారనిచ్చి, కల్చర్‌ను తాకించి, ప్లేటు మీద నాలుగు భాగాలుగా గీతలు లాగుతారు. భాగం మారినప్పుడల్లా లూప్‌ను మళ్లీ కాల్చాలి. మొదటి భాగంలో కోట్ల కణాలు పడితే, నాలుగో భాగానికి వచ్చేసరికి విడివిడిగా కొన్నే మిగులుతాయి. మరునాడు ఆ చివరి గీతల్లో ఒంటరిగా గుండ్రటి కాలనీలు కనిపిస్తే విద్యార్థి శుద్ధ వర్ధనం సాధించినట్టు. ప్రతిసారీ కల్చర్ తాకించని ఒక ఖాళీ ప్లేటును కూడా పక్కన పెడతారు. దాని మీద ఏదైనా పెరిగిందంటే మీడియంలోనో చేతిలోనో లోపం ఉన్నట్టే, ఆనాటి ఫలితాలు లెక్కకు రావు.

గ్రామ్ స్టెయిన్

డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియాను స్పష్టంగా చూడాలని ప్రయత్నిస్తూ 1884లో ఈ పద్ధతి ప్రచురించాడు. ఇది ఇంకా లోపాలున్న పద్ధతేనని, ఇతరులకు పనికొస్తే చాలని ఆయనే రాసుకున్నాడు. ఆ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా ఆసుపత్రి ప్రయోగశాలల్లో రోజూ జరుగుతోంది.

స్లైడు మీద ఒక చుక్క నీరు వేసి, కల్చర్‌ను రవ్వంత కలిపి, పలుచగా పరుస్తారు. దాని వెనక పెట్టిన పత్రికలోని అక్షరాలు చదవగలిగేంత పలుచగా ఉండాలి. గాలికి ఆరాక మంట మీదుగా రెండు మూడు సార్లు దాటిస్తారు. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడగడం. అయోడిన్ ఒక నిమిషం, కడగడం. ఇక మూడో మెట్టు ఆల్కహాల్. స్లైడును వంచి పట్టి చుక్కచుక్కగా వేస్తుంటే ఊదా రంగు కారుతుంది. కారే చుక్క తేటపడిన క్షణమే ఆపి నీటితో కడగాలి. కొన్ని సెకన్లు ఆలస్యమైతే ఊదా రంగు నిలుపుకోవలసినవి కూడా దాన్ని వదిలేస్తాయి. ముందే ఆపితే వదలవలసినవి అంటిపెట్టుకుంటాయి. చివరగా శాఫ్రనిన్ ఒక నిమిషం. అద్ది, ఆరబెట్టి, ఇమ్మర్షన్ ఆయిల్ చుక్క వేసి 100 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెడితే, 10 రెట్ల ఐపీస్‌తో కలిపి వెయ్యి రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. స్టెఫిలోకోకస్ ద్రాక్ష గుత్తుల్లా ఊదా రంగులో, ఇ.కోలి గులాబి రంగు కడ్డీలుగా తేలతాయి.

తేడా అంతా కణకవచంలో ఉంది. ఊదా రంగు నిలుపుకునే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు పెప్టిడోగ్లైకాన్ పొర మందంగా ఉండి, రంగూ అయోడినూ కలిసిన సమ్మేళనాన్ని లోపలే బంధిస్తుంది. గులాబిగా కనిపించే గ్రామ్ నెగటివ్‌లో ఆ పొర పలుచన, దాని బయట కొవ్వుతో కూడిన మరో పొర. ఆల్కహాల్ ఆ కొవ్వును కరిగించగానే రంగు బయటికి వచ్చేస్తుంది. పాతబడిన కల్చర్‌లో గ్రామ్ పాజిటివ్ కణాలు కూడా గులాబిగా కనబడి మోసం చేస్తాయి. అందుకే 18 నుంచి 24 గంటల కల్చర్‌నే వాడమంటారు. తెలిసిన రెండు రకాలను అదే స్లైడు మీద రెండు పక్కలా వేసుకుంటే చేయి సరిగా పడిందో లేదో వెంటనే తెలుస్తుంది.

కొన్ని బ్యాక్టీరియాలకు గ్రామ్ పద్ధతి పనిచేయదు. క్షయ బ్యాక్టీరియా కవచం మైనంలాంటి పదార్థంతో నిండి ఉంటుంది కాబట్టి దానికి జీల్-నీల్సన్ పద్ధతి కావాలి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఉన్న భారతదేశంలో ఆ స్టెయిన్ నేర్చిన చేతులకు పనికి కొదవ లేదు.

లెక్కపెట్టడం

అనుకూల పరిస్థితుల్లో ఇ.కోలి 20 నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. ఒక్క కణం పది గంటల్లో 30 సార్లు విభజన చెందితే 107 కోట్లు దాటుతుంది. అన్నిటినీ ఎవరు లెక్కపెట్టగలరు? పలుచన చేసి కొన్నిటిని లెక్కపెట్టి వెనక్కి గుణించడమే దారి.

ఒక గ్రాము పొలం మట్టిని 9 మిల్లీలీటర్ల శుభ్రమైన నీటిలో కలిపితే పది రెట్లు పలుచన. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి మరో 9 మిల్లీలీటర్లలో కలిపితే వంద రెట్లు. ఇలా నాలుగో గొట్టానికి పదివేల రెట్లు. అందులోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరిచి, మరునాడు 84 కాలనీలు లేచాయనుకుందాం. 84ను పదితో, పదివేలతో గుణిస్తే గ్రాము మట్టికి 84 లక్షలు. 30 నుంచి 300 వరకు కాలనీలున్న ప్లేట్లనే లెక్కకు తీసుకోవాలి. అంతకంటే తక్కువైతే అంకెను నమ్మలేం, ఎక్కువైతే కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఈ అంకె కూడా పూర్తి నిజం కాదని విద్యార్థి ఇక్కడే తెలుసుకోవాలి. అదే మట్టిని మైక్రోస్కోపు కింద చూసి లెక్కిస్తే కనిపించే కణాల్లో సుమారు ఒక శాతం మాత్రమే ప్లేటు మీద పెరుగుతాయి. మిగతావాటికి కావలసిన తిండి, తోడు, వాతావరణం ఆ అగర్‌లో ఉండవు. 1977లో కార్ల్ వోస్ రైబోసోముల ఆర్‌ఎన్‌ఏను పోల్చి ఆర్కియా అనే ప్రత్యేక వర్గాన్ని గుర్తించాక, పెంచకుండానే జన్యు క్రమంతో జీవులను గుర్తించే మార్గం తెరుచుకుంది. అయినా ఒక మందును పరీక్షించాలన్నా, ఒక టీకాను తయారుచేయాలన్నా జీవిని పెంచగలగడం ఇప్పటికీ అవసరమే.

గుర్తుపట్టడం

కోర్సు చివరలో చాలా కళాశాలలు పేరు చెప్పని ఒక కల్చర్‌ను చేతికిచ్చి అది ఏమిటో కనుక్కోమంటాయి. గ్రామ్ స్టెయిన్‌తో మొదలుపెట్టి ఒక్కో పరీక్షతో అవకాశాలను తగ్గించుకుంటూ వెళ్లాలి. మకాంకీ అగర్ మీద లాక్టోజ్‌ను వాడుకునేవి గులాబి రంగు కాలనీలుగా వస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో బుస్సుమని నురగ లేస్తే కెటలేజ్ ఉన్నట్టు, అది స్టెఫిలోకోకస్‌ను స్ట్రెప్టోకోకస్ నుంచి వేరుచేస్తుంది. ఇండోల్, మిథైల్ రెడ్, వోగ్స్-ప్రాస్కావర్, సిట్రేట్ అనే నాలుగు పరీక్షల్లో ఇ.కోలికి మొదటి రెండు పాజిటివ్, తర్వాతి రెండు నెగటివ్. దాని దగ్గరి బంధువు ఎంటరోబాక్టర్‌కు సరిగ్గా తలకిందులు. ఇలాంటి లక్షణాలను క్రోడీకరించిన బెర్జీ మాన్యువల్ 1923 నుంచి ఈ రంగానికి ప్రామాణిక గ్రంథం.

ఇంటి చుట్టూ ఉన్న ప్రయోగాలు

ఖరీదైన కల్చర్లు లేకపోయినా తెలుగు ఊళ్ల కళాశాలలకు ప్రయోగ సామగ్రికి లోటు లేదు. పెరుగును పలుచగా పరిచి మిథిలీన్ బ్లూతో రంగు వేస్తే కడ్డీల్లాంటి లాక్టోబాసిల్లస్, గొలుసుల్లా స్ట్రెప్టోకోకస్ కనిపిస్తాయి. తోడు పెట్టిన పాలు గడ్డకట్టేది ఇవి చేసే లాక్టిక్ ఆమ్లం వల్లే. ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకనోస్టాక్ మెసెంటెరాయిడిస్ విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్. వేరుశనగ వేళ్ల బుడిపెలను కోసి కాంగో రెడ్ కలిపిన మీడియం మీద పెంచితే రైజోబియం వర్గపు బ్యాక్టీరియా ఆ రంగును పెద్దగా పీల్చుకోకుండా లేతగా, జిగటగా పెరుగుతుంది.

పాల నాణ్యత పరీక్ష మరీ తేలిక. 10 మిల్లీలీటర్ల పాలలో ఒక మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ కలిపి 37 డిగ్రీల నీటి తొట్టిలో ఉంచుతారు. బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసే కొద్దీ నీలం పోతుంది. అరగంటలోనే తెల్లబడితే ఆ పాలు చెడ్డవి. ఐదు గంటలు దాటినా నీలంగా ఉంటే చాలా మంచివి.

బావి నీటి పరీక్షకు లాక్టోజ్ ద్రవంలో చిన్న డర్హమ్ గొట్టాన్ని బోర్లించి పెడతారు. 48 గంటల్లోగా అందులో గాలి చేరితే కోలిఫారం బ్యాక్టీరియా ఉందని అనుమానించాలి. ఇయంబీ అగర్ మీద లోహపు మెరుపుతో ఆకుపచ్చ కాలనీలు వస్తే ఇ.కోలి అనే నిర్ధారణ దిశగా మరో అడుగు పడినట్టు. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఇ.కోలి కూడా కనిపించకూడదు. తన ఊరి నీటినే తెచ్చి పరీక్షించిన విద్యార్థికి ఈ నిబంధన అర్థమైనంతగా పుస్తకం చదివినవారికి అర్థం కాదు.

మందు బిళ్లల పరీక్ష

1966లో బావర్, కిర్బీ తదితరులు ప్రామాణికం చేసిన పద్ధతిలో ముల్లర్-హింటన్ అగర్ మీద బ్యాక్టీరియాను సమానంగా పరిచి, యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలను అమర్చుతారు. మరునాడు బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడితే దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి పట్టికతో పోల్చుతారు. ఇ.కోలి ప్లేటు మీద పెన్సిలిన్-జి బిళ్ల చుట్టూ సాధారణంగా చెప్పుకోదగ్గ వలయం రాదు. ఆ బ్యాక్టీరియాకున్న బయటి పొర మందును లోపలికి రానివ్వకపోవడం అందుకు ఒక కారణం. గ్రామ్ స్టెయిన్‌లో చూసిన గులాబి రంగుకూ ఈ ఫలితానికీ సంబంధం అక్కడ తెలుస్తుంది.

అదే వరుసలో ఉండే టెట్రాసైక్లిన్ బిళ్ల వెనక ఒక తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్‌ను వేరుచేశాడు. 1948లో ప్రకటించిన ఆ మందు టెట్రాసైక్లిన్ వర్గంలో మొట్టమొదటిది.

భద్రత

అమెరికాలో 2010-11లో సాల్మొనెల్లా టైఫీమ్యూరియం సోకి 38 రాష్ట్రాల్లో 109 మంది జబ్బుపడ్డారు. ఆరా తీస్తే ఆ రకం బ్యాక్టీరియా వైద్య, బోధన ప్రయోగశాలల్లో వాడేదని తేలింది. ప్రయోగశాలకు వెళ్లిన విద్యార్థులకే కాదు, గడప దాటని ఇంటి పిల్లలకూ అది సోకింది. బల్ల మీద పెట్టిన పెన్ను, నోటుపుస్తకం, సెల్‌ఫోన్ బ్యాక్టీరియాను ఇంటికి మోసుకెళ్లగలవు. 2012లో అమెరికన్ సూక్ష్మజీవశాస్త్ర సంఘం బోధన ప్రయోగశాలల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది.

మన కళాశాలల్లో ఈ హెచ్చరిక మరింత అవసరం, ఎందుకంటే అబ్జర్వేషన్ నోటు బల్ల మీదే ఉంటుంది, సాయంత్రానికి సంచిలో ఇంటికి చేరుతుంది. నియమాలు కష్టమైనవి కావు. ఏప్రాన్‌ను ల్యాబ్‌లోనే వదలాలి. తినకూడదు, తాగకూడదు, ఫోన్ బయటికి తీయకూడదు. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు. ప్లేటు మూత తీసి వాసన చూడకూడదు. కల్చర్ ఒలికితే దాచకుండా వెంటనే చెప్పి, క్రిమిసంహారకం పోసి, ఆగి తుడవాలి. పని అయ్యాక ప్లేట్లను ఆటోక్లేవ్ చేశాకే పారేయాలి. వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడగాలి.

తెలుగు రాష్ట్రాల్లో

సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పరిశోధనలకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. సరిగ్గా వందేళ్లకు, 1997లో, హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను ఈస్ట్‌లో తయారుచేసింది. 2021లో భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ వాడకంలోకి వచ్చింది. టీకా, ఔషధ, డెయిరీ, ఆహార కర్మాగారాల్లో నాణ్యత పరీక్షల విభాగాలకు కావలసింది లూప్ సరిగా పట్టగల, ఖాళీ ప్లేటు మీద పెరుగుదల కనిపిస్తే దాచకుండా రాయగల మనుషులు.

కళాశాలలకు నమ్మకమైన కల్చర్లు చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి జాతీయ సంకలనాల నుంచి దొరుకుతాయి. 1986లో ఏర్పడిన ఆ కేంద్రం జీవులను సంఖ్యలతో భద్రపరిచి పంపుతుంది. లోటు సామగ్రిలో కంటే సాధనలో ఎక్కువ. బ్యాచ్ పెద్దదై మైక్రోస్కోపులు తక్కువైన చోట ఒకరు చేస్తే పదిమంది చూస్తారు. సీనియర్ రికార్డులోని బొమ్మలు జూనియర్ రికార్డులోకి దిగుతాయి. ప్రాక్టికల్ పరీక్షనాడు స్పాటర్లు గుర్తుపట్టి, వైవాలో నిర్వచనాలు అప్పజెప్పి గట్టెక్కవచ్చు. అయితే ఆల్కహాల్ ఎప్పుడు ఆపాలో ఆ రికార్డు చెప్పదు. సూక్ష్మజీవులు ఒక్క పీరియడ్‌లో ఫలితం ఇవ్వవు కూడా. ఈరోజు గీసిన ప్లేటును రేపు వచ్చి చూడాలి, తప్పితే ఎల్లుండి మళ్లీ గీయాలి. టైమ్‌టేబుల్‌లో వరుసగా రెండు రోజులు ల్యాబ్ తలుపు తెరిచి ఉంచని కళాశాల ఈ కోర్సును సగమే నేర్పుతోంది.

ఈ గ్రూపులో చేరాలనుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కళాశాలకు వెళ్లినప్పుడు ఫీజుతో పాటు మూడు సంగతులు అడగాలి: ఒక్కో మైక్రోస్కోపుకు ఎంతమంది, ఆటోక్లేవ్ పనిచేస్తోందా, ప్రతి విద్యార్థి సొంతంగా గ్రామ్ స్టెయిన్ చేస్తాడా. వీలైతే ల్యాబ్ తలుపు తీయించి స్వయంగా చూసిన తర్వాతే సీటు తీసుకోవాలి.